దూరం పెరిగేకొద్దీ తేడా తరుగుతుందా?

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో ఐదు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. సుదీర్ఘమైన పరుగు, ఈత, సైకిల్ పందేల వంటి ఓర్పు క్రీడల్లో స్త్రీ పురుషుల మధ్య తేడా ఎంత, అది ఎందుకు వచ్చింది, ఎప్పటికైనా పోతుందా అన్నదే ఆ విషయం. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను. ఉత్తరాలు రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

*

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. రోజూ తెల్లవారుజామున పరుగు సాధన చేస్తాను. వంద మీటర్లలో ఆడవాళ్లు మగవాళ్లను అందుకోలేకపోయినా, దూరం పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గిపోతుందనీ, వందల కిలోమీటర్ల పరుగుల్లో మహిళలదే పైచేయి అనీ చాలాచోట్ల చదివాను. నా స్నేహితురాళ్లకు గర్వంగా చెప్పాను కూడా. ఇది నిజమేనా?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీరు చెప్పిన మాటలో సగం నిజం ఉంది. ఆ సగమే ఎంతో విలువైనది. మిగతా సగాన్ని మాత్రం వదులుకోవలసి ఉంటుంది.

ముందు అంకెలు చూద్దాం. వంద మీటర్లలో ఉసేన్ బోల్ట్ 2009లో బెర్లిన్‌లో నమోదు చేసిన 9.58 సెకన్లకూ, ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్ 1988లో నమోదు చేసిన 10.49 సెకన్లకూ మధ్య తేడా తొమ్మిదిన్నర శాతం. పది వేల మీటర్లలో జాషువా చెప్తెగై 2020లో 26 నిమిషాల 11 సెకన్లలోనూ, బియాట్రిస్ చెబెట్ 2024లో 28 నిమిషాల 54 సెకన్లలోనూ గమ్యం చేరారు. ఇక్కడి తేడా పది శాతం పైచిలుకు. మారథాన్‌లో ఒకే ఏడాది, అంటే 2023లో, టిగిస్ట్ అసెఫా బెర్లిన్‌లో 2 గంటల 11 నిమిషాల 53 సెకన్లతోనూ, కెల్విన్ కిప్టమ్ షికాగోలో 2 గంటల 35 సెకన్లతోనూ ప్రపంచ రికార్డులు నెలకొల్పారు. ఆ రెంటి మధ్య తేడా 9.4 శాతం. మరుసటి ఏడాది రూత్ చెప్‌గెటిచ్ 2:09:56తో ఆ అంతరాన్ని ఎనిమిది శాతం లోపుకు తెచ్చారు గానీ, 2025లో ఆమెపై డోపింగ్ నిషేధం పడింది. ఆ పరుగు రికార్డుగానే నిలిచి ఉన్నా, నేను అసెఫా సమయాన్నే కొలబద్దగా తీసుకుంటున్నాను. గమనించండి: వంద మీటర్లు ఎక్కడ, నలభై రెండు కిలోమీటర్లు ఎక్కడ! దూరం నాలుగు వందల రెట్లు పెరిగినా తేడా పది శాతం దగ్గరే కదలకుండా ఉంది.

మరింత ముందుకు వెళ్లినా ఇదే కనబడుతుంది. ఇరవై నాలుగు గంటల్లో ఎవరు ఎంత దూరం వెళ్తారన్న పోటీలో లిథువేనియాకు చెందిన అలెక్సాండర్ సొరోకిన్ 2022లో 319 కిలోమీటర్లు దాటారు. బ్రిటన్‌కు చెందిన సారా వెబ్‌స్టర్ 2025లో 278 కిలోమీటర్లు దాటారు. అంటే తేడా దాదాపు పదమూడు శాతం. పరుగులో దూరం పెరిగినంత మాత్రాన శిఖరాగ్రంలో ఉన్నవారి మధ్య అంతరం మూసుకుపోదు.

మరి మీరు చదివిన మాట ఎక్కడ పుట్టింది? 1992లో బ్రయాన్ విప్, సుసాన్ వార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ‘నేచర్’ పత్రికలో రాసిన చిన్న వ్యాసంలో, అప్పటి వేగం కొనసాగితే 1998 నాటికి మారథాన్‌లో మహిళలు పురుషులను అందుకుంటారని లెక్కగట్టారు. వారి గీతలో తప్పు లేదు, కాలం మాత్రం ఆ గీత వెంట నడవలేదు. కారణం చరిత్రలో ఉంది. 1964లో స్కాట్లాండ్‌కు చెందిన డేల్ గ్రెగ్ 3 గంటల 27 నిమిషాల 45 సెకన్లలో మారథాన్ ముగించినప్పుడు, ఏమవుతుందోనన్న భయంతో ఆమె వెనుక అంబులెన్సును నడిపించారు. అదే ఏడాది టోక్యోలో అబెబె బికిలా 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో పరుగెత్తారు. ఆ రెండు సమయాల మధ్య తేడా యాభై ఏడు శాతం! ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత, 1985లో, ఇంగ్రిడ్ క్రిస్టియాన్సెన్ 2:21:06తో, కార్లోస్ లోపెస్ 2:07:12తో రికార్డులు నెలకొల్పేసరికి ఆ యాభై ఏడు శాతం పదకొండుకు పడిపోయింది. ఈ రెండు దశాబ్దాల్లో ఆడవారి శరీరం మారలేదు. తలుపులు తెరుచుకున్నాయి, అంతే. తెరుచుకున్న తలుపుల గుండా లోపలికి వచ్చిన వేగాన్ని శరీరపు వేగంగా భావించి ముందుకు పొడిగించడం వల్లే ఆ జోస్యం ఫలించలేదు. 1985 తర్వాత ఈ నలభై ఏళ్లలో తేడా పదకొండు నుంచి తొమ్మిది దగ్గరకు మాత్రమే వచ్చింది.

ఇక నిజమైన ఆ సగం గురించి చెబుతాను. 2017లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 383 కిలోమీటర్ల మోయాబ్ పరుగులో కోర్ట్నీ డావుల్టర్ స్త్రీ పురుషులందరిలోనూ మొదటి స్థానంలో నిలిచారు. రెండో స్థానంలో వచ్చిన పురుషుడు దాదాపు పది గంటల తర్వాత గమ్యం చేరాడు. 2019 జనవరిలో ఇంగ్లండ్‌లోని పెనైన్ కొండల దారిలో 431 కిలోమీటర్ల స్పైన్ పరుగును జాస్మిన్ పారిస్ 83 గంటల 12 నిమిషాల్లో ముగించి, అప్పటి రికార్డును ఏకంగా పన్నెండు గంటలు తగ్గించారు. అప్పటికి ఆమె పాలిచ్చే తల్లి, దారిలోని మజిలీల్లో పద్నాలుగు నెలల పాప కోసం పాలు తీసి పెడుతూ పరుగు సాగించారు. అదే ఏడాది యూరప్ ఖండాన్ని అడ్డంగా దాటే నాలుగు వేల కిలోమీటర్ల సైకిల్ పందెంలో జర్మనీకి చెందిన ఫియోనా కోల్బింగర్ అందరికన్నా ముందు గమ్యం చేరారు. వీటికన్నా అర్ధశతాబ్దం ముందే, 1967లో, ఇంగ్లండ్‌లో పన్నెండు గంటల సైకిల్ పోటీలో బెరిల్ బర్టన్ 277.25 మైళ్లు తొక్కారు. ఆమె కన్నా ముందు బయలుదేరిన మైక్ మెక్‌నమారా అదే రోజు పురుషుల రికార్డును బద్దలు కొట్టారు, అయినా ఆమె దూరం అతని దూరం కన్నా ఎక్కువ. దారిలో ఆయనను దాటిపోతూ ఆమె ఒక మిఠాయి బిళ్ల చేతికిచ్చారు, ఆయన తీసుకుని తిన్నారు. క్రీడా చరిత్రలో నాకు ఎంతో ఇష్టమైన ఘట్టాల్లో అది ఒకటి.

ఇలాంటి విజయాలు ఎందుకు సాధ్యమవుతున్నాయి? మూడు నాలుగు రోజుల పరుగులో గుండె ఎంత ప్రాణవాయువును పంపగలదన్నది ఒక్కటే నిర్ణయాత్మకం కాదు. కడుపు తిండిని నిలుపుకోవడం, నిద్రను అదుపులో ఉంచుకోవడం, పాదాలు పుండ్లు పడకుండా చూసుకోవడం, చీకట్లో దారి తప్పకపోవడం, మొదటి రోజే ఆవేశపడకపోవడం వంటివన్నీ లెక్కలోకి వస్తాయి. వీటిలో పురుషులకు పుట్టుకతో వచ్చిన ఆధిక్యం ఏదీ లేదు. దీనికి తోడు, ఒకే తీరున ఎక్కువసేపు పనిచేసే కండరాలు స్త్రీలలో కాస్త ఆలస్యంగా అలసిపోతాయనీ, ఒక మోస్తరు వేగంలో వారి శరీరం కొవ్వును ఎక్కువగా వాడుకుని పిండిపదార్థాల నిల్వను కాపాడుకుంటుందనీ పరిశోధనలు చూపాయి. మరో మాట కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. ఈ పోటీల్లో పాల్గొనేవారు కొద్దిమందే; ప్రపంచంలోని అత్యుత్తమ మారథాన్ పురుషులు అటువైపు రారు. అక్కడికి వచ్చే కొద్దిమంది స్త్రీలు ఎంతో వడపోతకు నిలిచినవారు. కనుక సగటులు పోల్చితే తేడా ఉన్నదానికన్నా చిన్నదిగా కనిపిస్తుంది.

మీ స్నేహితురాళ్లతో ఇకమీద ఇలా చెప్పండి: మహిళలు ఎక్కువ దూరాల్లో పురుషులందరినీ ఓడించరు, కానీ పందెం కేవలం ఊపిరి బలానికి పరీక్ష కాకుండా మనిషి మొత్తానికి పరీక్ష అయిన చోట, ఆ రోజు విజేత స్త్రీ కావడానికి అడ్డేమీ లేదు.

*

ప్రశ్న: ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. ఐదు, ఆరు తరగతుల్లో మైదానం చుట్టూ పరుగెత్తిస్తే ఆడపిల్లలే ముందుంటారు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి అదే పిల్లలు వెనకబడతారు, చాలామంది అసలు మైదానంలోకే రారు. ఇది ప్రకృతి సహజమా, మా లోపమా?
— ఒక ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా

జవాబు: రెండూనండీ. ఏది ఎంతో విడదీసి చూడడం మీ వృత్తిలో అత్యవసరం కనుక కాస్త వివరంగా రాస్తాను.

పది పదకొండేళ్ల వయసులో మగపిల్లలకూ ఆడపిల్లలకూ గుండె పరిమాణంలో, రక్తంలో, కండలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. పైగా ఎదుగుదల ఆడపిల్లల్లో మగపిల్లల కన్నా సుమారు రెండేళ్లు ముందు మొదలవుతుంది కాబట్టి, ఆరో తరగతిలో వారే పొడుగ్గా, బలంగా ఉండడం సహజం. మీరు మైదానంలో చూస్తున్నది అదే. ఆ తర్వాత మగపిల్లల్లో టెస్టోస్టిరాన్ అనే హార్మోను పెరగడం మొదలై, యౌవనానికి స్త్రీలలో ఉండే మోతాదుకు సుమారు పదిహేను రెట్లకు చేరుకుంటుంది. దాని ప్రభావంతో గుండె పెద్దదవుతుంది, కండ పెరుగుతుంది, ఎముకలు పొడవవుతాయి, రక్తంలో ఎర్రకణాల ఉత్పత్తి హెచ్చుతుంది. ఊపిరితిత్తుల నుంచి కండరాలకు ప్రాణవాయువును మోసుకుపోయే హిమోగ్లోబిన్ ఆరోగ్యవంతులైన స్త్రీలలో పురుషుల కన్నా సుమారు పన్నెండు శాతం తక్కువ. దూరపు పరుగులో మన శక్తికి పైకప్పు అదే. ఒక నిమిషంలో శరీరం గరిష్ఠంగా ఎంత ప్రాణవాయువును వాడుకోగలదన్న కొలత అత్యుత్తమ క్రీడాకారుల్లో కూడా స్త్రీలకు తక్కువగా ఉండడానికి ముఖ్యకారణం ఈ రక్తమూ, ఈ గుండె పరిమాణమే. ఆడపిల్లల శరీరం అదే వయసులో మాతృత్వానికి అవసరమైన కొవ్వును నిల్వ చేసుకుంటుంది. పరుగులో దాన్ని మోయవలసి వస్తుంది. మిగతా విషయాల్లో, అంటే ఒక నిర్ణీత వేగంతో పరుగెత్తడానికి కిలో బరువుకు ఖర్చయ్యే ప్రాణవాయువులో గానీ, తన గరిష్ఠ సామర్థ్యంలో ఎంత శాతాన్ని ఎక్కువసేపు నిలబెట్టుకోగలరన్న దానిలో గానీ, శిక్షణ పొందిన స్త్రీ పురుషుల మధ్య పెద్ద తేడా ఉండదు.

ఇంతవరకు ప్రకృతి. ప్రపంచస్థాయిలో దాని విలువ సుమారు పది శాతమని పై జవాబులో చూశాం. ఇప్పుడు మన దేశం అంకె చూడండి. పురుషుల మారథాన్‌లో శివ్‌నాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాలతో నెలకొల్పిన జాతీయ రికార్డు దశాబ్దాల పాటు చెక్కుచెదరలేదు. మహిళల్లో ఓ.పి. జైషా 2015లో బీజింగ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 2 గంటల 34 నిమిషాల 43 సెకన్లతో జాతీయ రికార్డు సాధించారు. ఆ రెంటి మధ్య తేడా పదిహేడు శాతం. ఇతర దేశాల స్త్రీలకూ మన స్త్రీలకూ గుండెల్లో తేడా లేదు కదా! తొమ్మిదికీ పదిహేడుకూ మధ్య ఉన్న ఆ ఎనిమిది శాతం హార్మోనుది కాదు. అది మీరు చూసిన తొమ్మిదో తరగతి మైదానానిది.

అందులో మొదటి కారణం రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల మధ్య వయసున్న భారతీయ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. పురుషుల్లో అది 25 శాతం. ప్రకృతి ఇచ్చిన హిమోగ్లోబినే తక్కువైతే, దానిలోనూ కొంత నెలసరిలో పోతే, ఇంట్లో అందరి తర్వాత తినే అలవాటు వల్ల తిండిలో ఇనుము కరవైతే, ఆ పిల్ల మూడో రౌండులో ఆయాసంతో ఆగిపోవడాన్ని మనం బద్ధకం అంటున్నాం. మీ పాఠశాలలో వారానికోసారి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్రను పిల్లలు నిజంగా మింగుతున్నారో లేదో మీరే దగ్గరుండి చూడండి. దాన్ని తిన్న తర్వాత వేసుకోవాలి, వెంటనే టీ తాగకూడదు, నిమ్మరసమో ఉసిరికాయో తోడైతే ఇనుము బాగా ఒంటబడుతుంది. ఆయాసపడే పిల్లలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. మీరు చేయగల శిక్షణల్లో అంత చవకైనది, అంత ఫలితమిచ్చేది మరొకటి లేదు.

రెండో కారణం సిగ్గు. దాన్ని కలిగించింది మనమే. చున్నీ సర్దుకుంటూ ఎవరూ పరుగెత్తలేరు. మరుగుదొడ్డిలో నీళ్లు లేని పాఠశాలలో నెలసరి రోజుల్లో పిల్ల మైదానానికి రాకపోవడం తెలివైన పనే. వదులైన ట్రాక్ ప్యాంటు, టీషర్టు, శుభ్రమైన గది, ఆడపిల్లలకు వేరుగా ఒక పీరియడ్, వీలైతే వెంట ఒక ఉపాధ్యాయిని ఉంటే చాలామంది తిరిగి వస్తారు. మరొక విన్నపం: తొమ్మిదో తరగతి ఆడపిల్లను అదే తరగతి మగపిల్లలతో పోల్చి నిరుత్సాహపరచవద్దు. పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో శరీరం మారుతున్నప్పుడు ఏడాదీ రెండేళ్లూ ఆడపిల్లల సమయాలు మెరుగుపడకపోవచ్చు, కొందరిలో తగ్గవచ్చు కూడా. ఆ రెండేళ్లు మీరు ఓపిక పట్టి చేయి వదలకపోతే, తర్వాత వారు మళ్లీ ముందుకు వస్తారు.

*

ప్రశ్న: సముద్రంలో ఈదేటప్పుడు ఆడవారికి సహజమైన అనుకూలత ఉంటుందని ఈత నేర్పే మాస్టారు చెప్పారు. పరుగులో లేనిది నీళ్లలో ఎలా వస్తుంది?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ మాస్టారు చెప్పింది సరైన మాట. పరుగులో మన బరువును ప్రతి అడుగుకూ మనమే మోస్తాం. నీళ్లలో ఆ బరువును నీరు మోస్తుంది. కొవ్వు నీటి కన్నా తేలిక కనుక, నేలమీద భారమైనదే నీళ్లలో తేల్చే సాధనమవుతుంది. ముఖ్యంగా స్త్రీలలో తుంటి, తొడల దగ్గర ఉండే కొవ్వు వల్ల కాళ్లు కిందికి దిగిపోకుండా శరీరం నీటికి సమాంతరంగా నిలుస్తుంది. పురుషుల కాళ్లు బరువుగా దిగుతాయి. దిగిన కాళ్లు నీటిని అడ్డుకుంటాయి. ఆ అడ్డును అధిగమించడానికి శక్తి ఖర్చవుతుంది. దూరం పెరిగేకొద్దీ ఈ పొదుపు పోగవుతుంది. చల్లటి నీళ్లలో అదే కొవ్వు దుప్పటిలా కాపాడుతుంది.

అందుకే కొలనులోనే తేడా స్పష్టంగా తరుగుతుంది. యాభై మీటర్ల ఫ్రీస్టైల్‌లో అంతరం పన్నెండు, పదమూడు శాతం ఉంటే, 1500 మీటర్లలో కేటీ లెడెకీ 2018లో సాధించిన 15 నిమిషాల 20.48 సెకన్లకూ, బాబీ ఫింకే 2024 పారిస్ ఒలింపిక్స్‌లో సాధించిన 14 నిమిషాల 30.67 సెకన్లకూ మధ్య ఆరు శాతం కూడా లేదు. ఇంతగా రాణించిన ఆ పందేన్ని ఒలింపిక్స్‌లో మహిళలకు తొలిసారి పెట్టింది టోక్యోలో, అంటే 2021లో. పురుషులు నూరేళ్లకు పైగా ఈదుతున్న పందెం అది.

సముద్రం విషయానికి వస్తే, 1926 ఆగస్టు 6న అమెరికాకు చెందిన గెర్ట్రూడ్ ఎడెర్లీ ఇంగ్లిష్ చానెల్‌ను పద్నాలుగున్నర గంటల పైచిలుకు సమయంలో ఈదారు. ఆమెకు ముందు దాన్ని దాటిన ఐదుగురూ పురుషులే. వారిలో అత్యంత వేగంగా ఈదినవారికి పట్టిన 16 గంటల 33 నిమిషాల కన్నా ఆమెది దాదాపు రెండు గంటలు తక్కువ. 1978లో పెన్నీ లీ డీన్ 7 గంటల 40 నిమిషాలతో నెలకొల్పిన సమయాన్ని పదహారేళ్ల పాటు ఏ పురుషుడూ దాటలేకపోయాడు. ఇప్పుడు పరిస్థితి మారింది: 2023లో ఆండ్రియాస్ వాష్‌బర్గర్ 6 గంటల 45 నిమిషాల్లో ఈదారు, మహిళల్లో 2006లో య్వెట్టా హ్లవచోవా 7 గంటల 25 నిమిషాల్లో ఈదారు. కానీ వేగాన్ని పక్కన పెట్టి ఎంతసేపు నిలవగలరన్నది చూస్తే, 2019 సెప్టెంబరులో అదే చానెల్‌ను ఆగకుండా నాలుగుసార్లు దాటిన తొలి మనిషి సారా థామస్. యాభై నాలుగు గంటలు ఆమె నీళ్లలోనే ఉన్నారు. రొమ్ము క్యాన్సర్ చికిత్స ముగిసి అప్పటికి ఏడాదే అయింది.

మనవారిలో కలకత్తాకు చెందిన ఆరతీ సాహా 1959 సెప్టెంబరు 29న ఇంగ్లిష్ చానెల్ దాటిన తొలి ఆసియా మహిళ అయ్యారు. మీ జిల్లాకు దగ్గరి మాట చెప్పాలంటే, సామర్లకోటలో పుట్టిన గోలి శ్యామల 2021 మార్చిలో భారత్, శ్రీలంకల మధ్య ఉన్న పాక్ జలసంధిని ఈదినప్పుడు ఆమె వయసు నలభై ఏళ్లు దాటి చాలాకాలమైంది.

ఒక్క హెచ్చరిక: తేలే గుణం ఉన్నంత మాత్రాన సముద్రంలోకి ఒంటరిగా దిగకూడదు. ప్రవాహాలకు ఆడా మగా తేడా లేదు. వెంట పడవ, తెలిసిన మనిషి లేకుండా కాకినాడ తీరంలో సాధన చేయవద్దు.

*

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్మీడియట్ చదువుతోంది. దూరపు పరుగుల్లో జిల్లాస్థాయికి ఎంపికైంది. అంత దూరం పరుగెత్తితే గర్భసంచి జారుతుందని, రేపు పిల్లలు పుట్టరని మా అత్తగారు అడ్డుపడుతున్నారు. పైగా ఈ మధ్య నాలుగు నెలలుగా అమ్మాయికి నెలసరి రావడం లేదు. ఆవిడ మాటే నిజమవుతుందేమోనని భయంగా ఉంది.
— ఒక తల్లి, కర్నూలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు విషయాలు ఉన్నాయి. ఒకటి పాత భయం, దాన్ని వదిలేయవచ్చు. రెండోది నిజమైన సమస్య, దాన్ని ఈ వారమే చూడాలి.

గర్భసంచి జారుతుందన్న మాట మీ అత్తగారు పుట్టించినది కాదు. ఒకప్పుడు ప్రపంచమంతా, చదువుకున్న వైద్యులతో సహా, అలాగే నమ్మింది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మహిళలకు తొలిసారి 800 మీటర్ల పరుగు పెట్టారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కే ప్రపంచ రికార్డుతో గెలిచారు. పరుగు ముగిశాక కొందరు అలసటతో గడ్డిమీద పడుకుంటే, పత్రికలు మహిళలంతా కుప్పకూలిపోయారని రాశాయి. ఆ రాతల పుణ్యమా అని ఆ పందేన్ని రద్దు చేసి, మళ్లీ 1960లో గానీ పెట్టలేదు. ముప్పై రెండేళ్లు! ఆ మధ్యకాలంలో పరుగెత్తగలిగి, పరుగెత్తనివ్వక ఇంట్లోనే ఉండిపోయిన ఆడపిల్లలు ఎందరో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. 1966లో బాబీ గిబ్ బోస్టన్ మారథాన్‌కు దరఖాస్తు చేస్తే స్త్రీల శరీరానికి అంత శక్తి లేదని జవాబు వచ్చింది. ఆమె పొదల చాటున దాక్కుని, పరుగు మొదలయ్యాక గుంపులో కలిసి మారథాన్ పూర్తిచేశారు. మరుసటి ఏడాది క్యాథరిన్ స్విట్జర్‌ను నిర్వాహకుడొకరు దారిలోనే పట్టి లాగబోయారు. ఆమె ఆగలేదు.

మహిళల మారథాన్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1984లో, లాస్ ఏంజెలిస్‌లో. జోన్ బెనోయిట్ 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లతో గెలిచారు. అదే పందెంలో స్విట్జర్లాండ్‌కు చెందిన గాబ్రియెలా ఆండర్సన్ షీస్ వడదెబ్బతో ఒళ్లు మెలికలు తిరుగుతూ చివరి 400 మీటర్లు నడిచేందుకు ఐదు నిమిషాలకు పైగా తీసుకున్నారు. ప్రపంచమంతా చూసింది. అయినా ఈసారి ఎవరూ ఆ పందేన్ని రద్దు చేయలేదు; ఆమె కొద్ది గంటల్లో కోలుకున్నారు. పిల్లల సంగతి అంటారా, బ్రిటన్‌కు చెందిన పౌలా రాడ్‌క్లిఫ్ 2007 జనవరిలో బిడ్డను కని, అదే ఏడాది నవంబరులో న్యూయార్క్ మారథాన్ గెలిచారు. గర్భసంచి కటి ఎముకల నడుమ బలమైన కండరాలు, బంధకాల ఆధారంతో ఉంటుంది. పరుగు వల్ల అది జారదు, సంతానం పోదు. ఈ మాటలు అత్తగారికి నెమ్మదిగా చెప్పండి. ఆవిడది ప్రేమతో కూడిన భయం.

ఇక నెలసరి సంగతి. ‘పరుగెత్తే పిల్లలకు అంతే’ అని కొందరు శిక్షకులు తేలిగ్గా తీసేస్తారు. అది తప్పు. ఒకసారి మొదలైన నెలసరి వరసగా మూడు నెలలు ఆగితే వైద్యురాలికి చూపించాలి. క్రీడాకారిణుల్లో దీనికి తరచుగా కనిపించే కారణం పరుగు కాదు, పరుగుకు సరిపడా తిండి లేకపోవడం. సాధనలో ఖర్చయ్యే శక్తికి తగినంత ఆహారం అందకపోతే శరీరం ఉన్న కొద్దిపాటి శక్తిని గుండెకూ మెదడుకూ మిగిల్చి, నెలసరిని ఆపేస్తుంది. దానితో ఈస్ట్రోజెన్ తగ్గి ఎముకలు బలహీనపడతాయి, కాలి ఎముకల్లో సన్నని పగుళ్లు వస్తాయి, పరుగు మందగిస్తుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో దీన్ని క్రీడల్లో శక్తి లోపంగా నిర్వచించి, ఇది పురుషుల్లోనూ వస్తుందని చెప్పారు. ఎముక గట్టిపడవలసిన వయసు మీ అమ్మాయిది; ఇప్పుడు పోగొట్టుకున్నది తర్వాత పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

కాబట్టి స్త్రీవైద్య నిపుణురాలి దగ్గరకు తీసుకువెళ్లండి. థైరాయిడ్ వంటి ఇతర కారణాలు ఉన్నాయేమో వారే చూస్తారు. అంతవరకు సాధన తగ్గించమనండి. బరువు తగ్గితే వేగం పెరుగుతుందని ఎవరైనా చెప్పి ఉంటే, పిల్ల రాత్రిపూట అన్నం మానేసిందేమో కనుక్కోండి. సాధనకు ముందు ఒక అరటిపండో నాలుగు ఇడ్లీలో, ముగిసిన అరగంటలోపు పాలు, గుడ్డు, వేరుశనగ ఉండ వంటివి ఇవ్వండి. మధ్యాహ్నం, రాత్రి అన్నంలో పప్పు నిండుగా వేయండి. తిండి సరిపడితే చాలామందిలో కొన్ని నెలల్లో నెలసరి తిరిగి వస్తుంది. అప్పుడు జిల్లా పోటీలకు నిశ్చింతగా పంపండి.

*

ప్రశ్న: మేమిద్దరం భార్యాభర్తలం, హైదరాబాద్‌లో హాఫ్ మారథాన్‌లు పరుగెత్తుతాం. సాధనలో నేనే ముందుంటాను. పోటీ రోజున మాత్రం పదిహేనో కిలోమీటరు దాటాక మా ఆవిడ నన్ను దాటిపోతుంది. నా వయసు నలభై రెండు, ఆవిడకు నలభై. లోపం ఎక్కడుంది?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: లోపం మీ మొదటి ఐదు కిలోమీటర్లలో ఉంది. అమెరికాలో పద్నాలుగు మారథాన్‌లలో పాల్గొన్న దాదాపు 92 వేల మంది సమయాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2015లో వెలువడింది. పరుగు రెండో సగంలో పురుషుల వేగం సగటున 15.6 శాతం పడిపోగా, స్త్రీల వేగం 11.7 శాతమే పడిపోయింది. స్త్రీల శరీరం పిండిపదార్థాల నిల్వను పొదుపుగా వాడుకోవడం దీనికి ఒక కారణం కావచ్చు. తన శక్తిని ఎక్కువగా అంచనా వేసుకుని ఆరంభంలోనే దూకే అలవాటు పురుషుల్లో ఎక్కువగా ఉండడం మరో కారణం. మన ఊళ్లో ఆగస్టు ఉక్కపోత, ఒకదాని వెంట ఒకటి వచ్చే ఫ్లైఓవర్లు ఆ పొరపాటుకు వడ్డీ కూడా వసూలు చేస్తాయి.

వచ్చే పోటీలో మొదటి పది కిలోమీటర్లు మీ ఆవిడ పక్కనే, ఆవిడ నిర్ణయించిన వేగంతో పరుగెత్తండి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గడియారం చూడకుండా ఊపిరిని బట్టి అడుగు వేయండి, ప్రతి నీళ్ల కౌంటరు దగ్గరా రెండు గుక్కలు తాగండి. పదిహేనో కిలోమీటరు దగ్గర మీలో ఇంకా దమ్ము మిగిలి ఉంటే, అప్పుడు ఆవిడ అనుమతి తీసుకుని ముందుకు వెళ్లండి.